ప్యాకెట్‌లోని చక్కెర: ఎంత ఉంటుంది, ఎక్కడ దాక్కుంటుంది, ఒంట్లో ఏం చేస్తుంది

నెలకు ఎంత చక్కెర కొంటున్నామో సరుకుల చీటీ రాసేవాళ్లకు బాగా తెలుసు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల లెక్కన, రోజుకు 2000 కేలరీలు తినే మనిషికి 25 గ్రాములు దాటితే అది అధిక చక్కెరే. నలుగురున్న ఇంటికి నెలకు మూడు కిలోలన్నమాట. చాలా ఇళ్లలో కాఫీ, టీలకే అంత ఖర్చవుతుంది. నిండుగా పోగేసిన చెంచాకు ఐదారు గ్రాములు పడుతుంది. కప్పుకు ఒకటిన్నర చెంచా చొప్పున రోజుకు మూడు కప్పులు తాగితే 25 గ్రాములు అక్కడికే అయిపోతాయి. బిస్కెట్లు, బ్రెడ్డు, కెచప్, పిల్లల పాలల్లో కలిపే పొడి, మామిడి డ్రింకు, కార్న్‌ఫ్లేక్స్ ద్వారా వచ్చేదంతా దానికి అదనం. సరుకుల చీటీలో ‘చక్కెర’ అన్న మాటకు ఎదురుగా అది ఎప్పుడూ కనిపించదు.

ఈ వ్యాసం ఆ కనిపించని చక్కెర గురించే. చక్కెర విషమనేవాళ్లు ఒకవైపు, మితంగా తింటే ఏమీ కాదనేవాళ్లు మరోవైపు ఉన్నారు. ఇద్దరూ మోతాదు గురించి మాట్లాడరు. చెరుపు చేసేది మోతాదు, అది లోపలికి వెళ్లే రూపం, రోజులో ఎన్నిసార్లు వెళ్తుందన్న లెక్క. ప్యాకెట్ ఆహారం ఈ మూడింటినీ మన చేతుల్లోంచి తీసేసుకుంటుంది కాబట్టే దాని గురించి విడిగా మాట్లాడుకోవాలి.

ఏ చక్కెర గురించి మాట్లాడుతున్నాం

జామకాయలోనూ చక్కెర ఉంది, పాలల్లోనూ ఉంది, కోలాలోనూ ఉంది. పరిమితులన్నీ మూడో రకానికే. తయారీలో కలిపిన చక్కెర, దానితోపాటు తేనె, పాకాలు, పండ్ల రసాల్లోని చక్కెర, వీటన్నిటినీ కలిపి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒకే గాటన కట్టింది. ఇవి రోజు మొత్తం కేలరీల్లో 10 శాతం దాటకూడదనీ, 5 శాతంలోపు ఉంటే ఇంకా మేలనీ 2015లో చెప్పింది. గ్రాము చక్కెరకు 4 కేలరీలు. కాబట్టి 2000 కేలరీల మనిషికి 10 శాతమంటే 50 గ్రాములు, 5 శాతమంటే 25.

మొత్తం పండు ఈ లెక్కలోకి రాదు, దాని రసం వస్తుంది. ఇది చాలామందికి మింగుడుపడదు. బత్తాయినే తీసుకుందాం. గ్లాసు నిండాలంటే మూడు నాలుగు కాయలు పిండాలి. అవే కాయలు ఒలుచుకుని తినాలంటే పావుగంట పడుతుంది, రెండోదానికే చాలనిపిస్తుంది. తొనల్లో చక్కెర కణాల గోడల మధ్య, పీచు మధ్య బందీగా ఉంటుంది. నమిలేకొద్దీ, పేగులో కదిలేకొద్దీ మెల్లగా విడుదలవుతుంది. పిండి వడగట్టగానే ఆ గోడలన్నీ పోతాయి. మిగిలేది తీపినీళ్లూ కొంత విటమిన్ సి. గ్లాసు రసం నిమిషంలో కడుపులోకి దిగిపోతుంది.

లోపలికి వెళ్లాక

మనం వాడే చక్కెర అణువులో సగం గ్లూకోజు, సగం ఫ్రక్టోజు. చిన్నపేగు గోడ దగ్గర ఎంజైము దాన్ని రెండుగా విడగొడుతుంది. అక్కణ్నుంచి రెండింటి దారులూ వేరు.

గ్లూకోజు రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది. క్లోమం ఇన్సులిన్ వదులుతుంది, కండరాలు, మెదడు, మిగతా కణాలు దాన్ని వాడుకుంటాయి. ఫ్రక్టోజు మాత్రం ఎక్కువ భాగం కాలేయంలోనే ఖర్చు కావాలి. గ్లూకోజు విషయంలో కణం తనకు సరిపడా శక్తి ఉందనుకుంటే దారి మూసేస్తుంది. ఫ్రక్టోజు ఆ కాపలా గేటును తప్పించుకుని పక్కదారిన లోపలికి వస్తుంది. కొద్దికొద్దిగా వస్తే పేగే కొంత పని కానిచ్చేస్తుంది, కాలేయానికీ ఇబ్బంది లేదు. ఒకేసారి 15, 20 గ్రాములు వచ్చిపడితే కాలేయం అందులో కొంత భాగాన్ని కొవ్వుగా మారుస్తుంది. ఆ కొవ్వు కొంత ట్రైగ్లిజరైడ్స్ రూపంలో రక్తంలోకి పోతుంది, కొంత కాలేయంలోనే పేరుకుంటుంది. మందు చుక్క ముట్టనివాళ్లకు కూడా స్కానింగులో ‘గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్’ అని రావడానికున్న కారణాల్లో ఇదొకటి. ఈ పని వేగంగా జరిగేటప్పుడు కణంలోని శక్తి నిల్వలు తరిగి, ఆ క్రమంలో యూరిక్ ఆమ్లం తయారవుతుంది. గౌట్ అనే కీళ్లనొప్పుల జబ్బు ఉన్నవాళ్లు మాంసం మానేసి కూల్‌డ్రింక్ మానకపోతే నొప్పి ఎందుకు తగ్గడంలేదన్న ప్రశ్నకు జవాబు ఇక్కడుంది.

అలాగని ఫ్రక్టోజు ఒక్కటే దోషి అనుకోవడం తప్పు. అవసరానికి మించిన కేలరీలతో కలిసి వచ్చినప్పుడే ఈ చెరుపు గట్టిగా కనిపిస్తుంది. పొలంలో రోజంతా పనిచేసే మనిషి టీలో రెండు చెంచాలు వేసుకోవడమూ, కుర్చీలో కూర్చుని పనిచేసే మనిషి అదే టీతో నాలుగు క్రీమ్ బిస్కెట్లు తినడమూ ఒకటి కావు.

మనవాళ్లకు ఇంకో చిక్కుంది. అదే బరువున్న యూరప్ మనిషితో పోలిస్తే దక్షిణాసియావాళ్లకు పొట్టలోపల, కాలేయం చుట్టూ కొవ్వు ఎక్కువ, కండ తక్కువ. అందుకే ఎత్తుకు బరువు ఎంతుందో చెప్పే బీఎంఐ మనకు 23 దాటితే చాలు, అధిక బరువు కింద లెక్క. నడుము చుట్టుకొలత మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే జాగ్రత్తపడాలి. చూడ్డానికి సన్నగా ఉన్నాం కాబట్టి చక్కెర మనల్నేమీ చేయదన్న ధీమా తెలుగు ఇళ్లలో చాలా ఎక్కువ. అది నిలవని ధీమా.

చక్కెర తింటే షుగర్ వస్తుందా

నేరుగా రాదు. టైప్ 1 మధుమేహానికి తిండితో సంబంధమే లేదు. టైప్ 2 విషయంలో వంశం, బరువు, వ్యాయామం, నిద్ర, మొత్తం తిండి అన్నీ కలుస్తాయి. చక్కెర ఈ గొలుసులోకి పొట్ట కొవ్వు, ఫ్యాటీ లివర్ గుండా ప్రవేశిస్తుంది. తీపి పానీయాల విషయంలో ఆధారాలు అన్నిటికన్నా బలంగా ఉన్నాయి. అనేక పరిశోధనలను కలిపి చూసిన 2010 నాటి విశ్లేషణలో, రోజుకు ఒకటి రెండు తీపి పానీయాలు తాగేవాళ్లకు, దాదాపు తాగనివాళ్లకన్నా టైప్ 2 మధుమేహం ముప్పు 26 శాతం ఎక్కువని తేలింది. గుండె సంగతికొస్తే, 2014లో అమెరికాలో వచ్చిన అధ్యయనంలో కేలరీల్లో 17 నుంచి 21 శాతం కలిపిన చక్కెర నుంచే పొందేవాళ్లకు, 8 శాతం పొందేవాళ్లకన్నా గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 38 శాతం ఎక్కువగా కనిపించింది.

ఇలాంటి అధ్యయనాల మీద ఒక అభ్యంతరం ఎప్పుడూ ఉంటుంది. కూల్‌డ్రింకులు ఎక్కువ తాగేవాళ్లు మిగతా విషయాల్లోనూ అజాగ్రత్తగా ఉంటారేమో, జబ్బుకు అసలు కారణం అదేనేమో అని. సబబైన అభ్యంతరమే. అందుకే 2024లో సైన్స్ పత్రికలో వచ్చిన బ్రిటన్ అధ్యయనానికి అంత విలువ. యుద్ధకాలంలో మొదలైన చక్కెర రేషను అక్కడ 1953 సెప్టెంబరులో ఎత్తేశారు. ఎత్తేయగానే చక్కెర వాడకం దాదాపు రెట్టింపయింది. రేషను తేదీని ఎవరూ తమ అలవాట్లనుబట్టి ఎంచుకోలేదు కదా. ఆ తేదీకి కాస్త ముందు కడుపున పడ్డవాళ్లనూ, తర్వాత పడ్డవాళ్లనూ పోల్చి చూస్తే, తల్లి కడుపులోనూ తొలి రెండేళ్లలోనూ రేషను చక్కెరతో పెరిగినవాళ్లకు పెద్దయ్యాక టైప్ 2 మధుమేహం ముప్పు సుమారు 35 శాతం, అధిక రక్తపోటు ముప్పు సుమారు 20 శాతం తక్కువగా ఉంది. రెండేళ్లలోపు బిడ్డకు తీపి కలిపి పెట్టకూడదని పిల్లల డాక్టర్లు పట్టుబట్టేది ఊరికే కాదు.

మన దేశంలో 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వే లెక్కన మధుమేహులు 10.1 కోట్లు, దాని అంచున ఉన్నవాళ్లు 13.6 కోట్లు. మన తిండిలో కేలరీల్లో దాదాపు 62 శాతం పిండి పదార్థాల నుంచే వస్తోందని అదే పరిశోధక బృందం 2025లో చెప్పింది. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, రాత్రి మళ్లీ అన్నం. అప్పటికే గ్లూకోజుతో నిండిన రోజులోకి ప్యాకెట్ చక్కెర వచ్చి చేరుతోంది.

పంటి సంగతి వేరు. అక్కడ మొత్తం ఎన్ని గ్రాములన్నదాని కన్నా ఎన్నిసార్లన్నది ముఖ్యం. నోటిలోని బ్యాక్టీరియా చక్కెరను ఆమ్లంగా మారుస్తుంది. నోటి పీహెచ్ (ఆమ్లం పెరిగేకొద్దీ తగ్గే కొలత) 5.5 కిందికి పడిపోయినప్పుడు పంటి ఎనామిల్ కరగడం మొదలవుతుంది. లాలాజలం దాన్ని మళ్లీ మామూలు స్థితికి తేవడానికి అరగంట దాకా పడుతుంది. ఒక లడ్డూ భోజనంతోపాటు తినేస్తే ఒక అరగంట. అదే లడ్డూకు సమానమైన చక్కెరను బిస్కెట్ల రూపంలో గంటకొకటి చొప్పున తింటే సాయంత్రమంతా ఆమ్లంలోనే. మైదా ముద్ద పళ్ల సందుల్లో అతుక్కుంటుంది కాబట్టి బిస్కెట్ విషయంలో ఇంకా ఇబ్బంది.

ఎందుకంత చక్కెర కలుపుతారు

రుచి కోసమే అయితే ఇంత అవసరం ఉండదు. చక్కెర ఫ్యాక్టరీలో పది పనులు చేస్తుంది. బిస్కెట్‌కు కరకరా, బంగారు రంగూ ఇచ్చేది అదే. జామ్‌లో నీటిని పట్టి ఉంచి బూజు పట్టకుండా కాపాడుతుంది. ఐస్‌క్రీం రాయిలా గడ్డకట్టకుండా చూస్తుంది. బ్రెడ్డులో ఈస్టుకు మేత. కెచప్‌లో వెనిగర్ పులుపునూ ఉప్పునూ కప్పిపెడుతుంది. ఖరీదైన పాలు, పండు, గింజల బదులు బరువు నింపే చవక సరుకు కూడా. మామూలు కెచప్‌లో వంద గ్రాములకు పాతిక గ్రాముల దాకా చక్కెర ఉంటుందంటే నమ్మబుద్ధి కాదు గానీ, సీసా తిప్పి చూస్తే అక్కడే రాసి ఉంటుంది.

కూల్‌డ్రింక్ సంగతి ఇంకా తెలివైనది. 100 మిల్లీలీటర్లకు దాదాపు పదిన్నర గ్రాముల చక్కెర ఉంటుంది. 300 మిల్లీలీటర్ల సీసాలో 32 గ్రాములు, అంటే తలకొట్టిన చెంచాలు ఎనిమిది. ఎనిమిది చెంచాలు గ్లాసు నీళ్లలో కలిపి ఇస్తే ఎవరూ తాగలేరు. చల్లదనం నాలుకకు తీపి తెలియనివ్వదు, ఆమ్లం తీపిని కోస్తుంది, గ్యాసు నోటిని మరపిస్తుంది. అదే డ్రింకును గ్యాసు పోయేదాకా మూత తీసి బయటపెట్టి, గది వేడిమీద ఒక గుక్క తాగితే అసలు తీపి ఎంతో తెలుస్తుంది. పైగా తాగిన కేలరీలు తిన్న కేలరీల్లా ఆకలిని చంపవు. రెండొందల కేలరీల పెసరట్టు తింటే తర్వాతి ముద్ద తగ్గుతుంది. అంతే కేలరీల డ్రింకు తాగినవాళ్లు భోజనం మామూలుగానే చేస్తారు.

నేరమంతా చక్కెరదే అనడానికీ లేదు. 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ బృందం 20 మందిని ఆసుపత్రిలోనే ఉంచి రెండు వారాలు ఫ్యాక్టరీ తిండి, రెండు వారాలు ఇంటి తరహా తిండి పెట్టింది. వడ్డించిన చక్కెర, కొవ్వు, పీచు, ఉప్పు రెండింటిలోనూ సరిసమానం. అయినా ఫ్యాక్టరీ తిండి తిన్నప్పుడు రోజుకు సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, రెండు వారాల్లో దాదాపు కిలో బరువు పెరిగారు. మెత్తగా, త్వరగా మింగుడుపడేలా తయారుచేసిన తిండి కడుపు నిండిందన్న కబురు మెదడుకు చేరేలోపే అయిపోతుంది. కాబట్టి చక్కెర తీసేసి వేరే తీపి వేసిన బిస్కెట్ కూడా మంచి తిండి అయిపోదు.

ఒక ప్యాకెట్‌ను తిప్పి చదువుదాం

పది రూపాయలకో ఇరవైకో దొరికే 75 గ్రాముల బిస్కెట్ ప్యాకెట్‌ను అనుకుందాం. వెనకవైపు రెండు చోట్ల చూడాలి.

మొదటిది పదార్థాల జాబితా. బరువులో ఏది ఎక్కువైతే అది ముందు రాయాలని నిబంధన. మైదా, చక్కెర, పామాయిల్, ఇన్వర్ట్ సిరప్, పాలపొడి అని వరసగా ఉందనుకోండి. చక్కెర రెండో స్థానంలో ఉంది. నాలుగోదైన ఇన్వర్ట్ సిరప్ కూడా చక్కెరే, ముందుగానే విడగొట్టిన చక్కెర. బిస్కెట్‌కు తేమ, రంగు రావడానికి వేస్తారు. ఇలా ఒకే సరుకును రెండు మూడు పేర్ల కింద పంచితే ఒక్కొక్కటీ జాబితాలో కిందికి జారుతుంది. లిక్విడ్ గ్లూకోజ్, డెక్స్‌ట్రోజ్, కార్న్ సిరప్, ఫ్రక్టోజ్, గోల్డెన్ సిరప్, మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్, పండ్ల రసం కాన్సెంట్రేట్, తేనె, బెల్లం, ఖర్జూరం పాకం ఇవన్నీ ఆ కుటుంబమే. మాల్టోడెక్స్‌ట్రిన్ అని కనిపిస్తే ఇంకాస్త ఆగి చూడాలి. అది లెక్కప్రకారం చక్కెర కాదు, పిండి పదార్థం. అందుకే ‘చక్కెరలు’ అన్న గడిలోకి రాదు. రక్తంలో గ్లూకోజును మాత్రం చక్కెర కన్నా వేగంగా పెంచుతుంది. ‘షుగర్‌ఫ్రీ’ అని రాసిన పొడుల్లో ఇది తరచూ తగులుతుంది.

రెండోది పోషకాల పట్టిక. దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020 నాటి లేబులింగ్ నిబంధనల ప్రకారం మొత్తం చక్కెరలు, కలిపిన చక్కెరలు విడివిడిగా రాయాలి. మన బిస్కెట్‌లో వంద గ్రాములకు పిండి పదార్థాలు 76, అందులో మొత్తం చక్కెరలు 27, కలిపినవి 26 అని ఉందనుకుందాం. పక్క గడిలో ‘ఒక్కో సర్వింగ్‌కు రోజువారీ అవసరంలో 8 శాతం’ అని ఉంటుంది. చూడ్డానికి చాలా తక్కువ. కానీ ఆ సర్వింగ్ అంటే మూడు బిస్కెట్లు, 15 గ్రాములు. మూడు బిస్కెట్లతో ఆపే పిల్లలెవరు? మొత్తం ప్యాకెట్‌కు లెక్క కడితే 26ను 75తో గుణించి వందతో భాగించాలి, 19.5 గ్రాములు వస్తుంది. ఆ శాతాలు 50 గ్రాముల పరిమితి మీద కట్టినవి కాబట్టి ప్యాకెట్ మొత్తం 39 శాతం. పోషకాహార సంస్థ చెప్పిన 25 గ్రాముల మీద కడితే 78 శాతం. వంద గ్రాముల లెక్కలో చక్కెరలు పోగా మిగిలిన 49 గ్రాముల పిండి పదార్థం చాలావరకు మైదా. అదీ అరిగాక గ్లూకోజే.

పట్టికలో ఇంకో లొసుగు ఉంది. ఆ శాతాలన్నీ 2000 కేలరీలు తినే పెద్ద మనిషివి. ఐదేళ్ల పిల్లకు రోజుకు కావలసింది సుమారు 1350 కేలరీలు. అందులో 5 శాతమంటే 17 గ్రాములు. పిల్లల బొమ్మలు వేసి పిల్లల కోసమే అమ్మే ప్యాకెట్ మీద కూడా పెద్దవాళ్ల శాతమే ఉంటుంది. పిల్లల విషయంలో శాతం గడిని వదిలేసి గ్రాముల గడి చూడటమే సరైన పద్ధతి.

‘లో షుగర్’ అంటే ఘన పదార్థంలో వంద గ్రాములకు 5, ద్రవంలో 2.5 గ్రాములు మించకూడదు. ‘షుగర్‌ఫ్రీ’ అంటే అర గ్రాము. ఈ మాటలకు నిబంధన ఉంది. ‘హెల్దీ’, ‘న్యాచురల్’, ‘అమ్మ చేతి రుచి’ లాంటి మాటలు చక్కెర ఎంతుందో ఏమీ చెప్పవు.

ఆరోగ్యం పేరుతో వచ్చేవి

కూల్‌డ్రింక్ మంచిది కాదని అందరికీ తెలుసు. ఎక్కువ నష్టం మంచిదనుకుని ఇచ్చేవాటితోనే.

పాలల్లో కలిపే మాల్ట్ పొడులు అందులో మొదటివి. బోర్న్‌విటాలో వంద గ్రాములకు 37 గ్రాముల దాకా ఉన్న కలిపిన చక్కెరను విమర్శల తర్వాత 2023 చివర్లో 32 గ్రాముల దగ్గరికి తగ్గించారు. తగ్గిన తర్వాతి లెక్కే చూద్దాం. 20 గ్రాముల పొడి వేస్తే 6.4 గ్రాములు. పొద్దునా సాయంత్రమూ కలిపి 13. పైన చెప్పిన ఐదేళ్ల పిల్లకు రోజుకు మిగిలేది నాలుగు గ్రాములే, అదీ ఆ పాలల్లో విడిగా చక్కెర వేయకపోతే. ఆహార భద్రతా చట్టంలో ‘హెల్త్ డ్రింక్’ అనే వర్గమే లేదు. అందుకే 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఈ పానీయాలను ఆ పేరు కిందనుంచి తీసేయమని ఆన్‌లైన్ అంగళ్లకు చెప్పింది. పేరు మారింది, ఇళ్లలో అలవాటు పెద్దగా మారలేదు.

అదే నెలలో స్విట్జర్లాండ్‌కు చెందిన పబ్లిక్ ఐ అనే సంస్థ, భారత్‌లో అమ్మే సెరెలాక్‌లో పూటకు సగటున 2.7 గ్రాముల చక్కెర కలుపుతున్నారనీ, యూరప్‌లో అమ్మే అలాంటి రకాల్లో కలపడంలేదనీ బయటపెట్టింది. ఐదేళ్లలో 30 శాతం దాకా తగ్గించామని కంపెనీ జవాబిచ్చింది, ఆ ఏడాదే చక్కెర లేని రకాలు తెస్తున్నట్టు ప్రకటించింది. ఇంట్లో వేయించి పొడిచేసుకునే ఉగ్గులో ఈ బెడదే లేదు.

ఇక ఓఆర్‌ఎస్. ఇక్కడ చక్కెర మోతాదు తప్పితే ప్రాణం మీదికే వస్తుంది. విరేచనాలప్పుడు పేగు గోడ సోడియం, గ్లూకోజులను జోడుగా లోపలికి లాక్కుంటుంది, వాటి వెంట నీరు వెళ్తుంది. ఆ జోడు సరిగ్గా కుదిరేలా ప్రపంచ ఆరోగ్య సంస్థ లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల ఉప్పు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్, 2.9 గ్రాముల ట్రైసోడియం సిట్రేట్ నిర్ణయించింది. మందుల షాపుల్లో ఆ పేరు తగిలించుకుని అమ్ముడైన టెట్రాప్యాక్ పానీయాల్లో లీటరుకు వంద గ్రాములకు పైగా చక్కెర ఉండేది, ఉప్పు చాలా తక్కువ. అంత చక్కెర పేగులోకి చేరితే నీరు లోపలికి వెళ్లే బదులు ఒంట్లోంచి పేగులోకి వస్తుంది. విరేచనాలు ఇంకా పెరుగుతాయి. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి దీనిమీద ఒంటరిగా పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో, ఆ ఫార్ములాకు సరిపోని ఏ పానీయం మీదా ఓఆర్‌ఎస్ అన్న మాట వాడకూడదని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. తెలుగువాళ్లు గర్వపడాల్సిన విజయం ఇది. ఇప్పటికీ షాపులో ‘డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా’ అని రాసిన పొడి ప్యాకెట్‌నే అడగాలి. దానిమీద ఎన్ని నీళ్లని రాసి ఉంటే అన్ని నీళ్లలో ప్యాకెట్ మొత్తం ఒకేసారి కలపాలి. గ్లాసులో కొంచెం కొంచెం కలిపితే పాళ్లు తప్పుతాయి. రుచికోసం చక్కెర కలపకూడదు.

డబ్బా పండ్ల రసాల మీద ‘100 శాతం పండ్ల రసం’ అన్న మాట తీసేయమని 2024 జూన్‌లో ఆదేశం వచ్చింది. అందులో చాలావరకు చిక్కబరిచిన రసానికి మళ్లీ నీళ్లు కలిపినవే.

బెల్లం, తేనె, షుగర్‌ఫ్రీ మాత్రలు

బెల్లం మంచిదన్న నమ్మకం మనలో గట్టిగా పాతుకుపోయింది. బెల్లంలో చాలావరకు చక్కెరే. కొంచెం ఇనుము, పొటాషియం ఉన్నమాట నిజం. వాటి కోసం తినాలంటే ఎంత బెల్లం తినాలో, తోటకూర, రాగులు, నువ్వులతో పోల్చి చూస్తే ఆ వాదన నిలబడదు. తేనెలో ఎనభై శాతం చక్కెరలు. ఏడాదిలోపు బిడ్డకు తేనె నాకించడం బాట్యులిజం అనే తీవ్రమైన జబ్బుకు దారితీయొచ్చు, కాబట్టి అసలే వద్దు. రుచి నచ్చి వాడుకుంటే బెల్లానిదీ తేనెదీ 25 గ్రాముల్లోనే లెక్క. మధుమేహం ఉన్నవాళ్లు బెల్లం టీ నిశ్చింతగా తాగొచ్చనడం మాత్రం నేరుగా హాని చేసే సలహా.

తీపి మాత్రల విషయంలో, బరువు తగ్గడానికి వాటిమీద ఆధారపడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. అప్పటికే మధుమేహం ఉన్నవాళ్లకు ఆ సలహా వర్తించదు. టీలో ఒక మాత్ర వేసుకునే మధుమేహులు భయపడాల్సిన పనిలేదు. ‘షుగర్‌ఫ్రీ’ మిఠాయిల్లో వేసే మాల్టిటాల్ వేరే సంగతి. దానికీ గ్రాముకు రెండు కేలరీల దాకా ఉన్నాయి, నాలుగైదు ముక్కలు తింటే కడుపుబ్బరం, విరేచనాలు రావచ్చు. నెయ్యి, కోవా ఎలాగూ ఉంటాయి.

పన్ను చెప్పే తీరు

బ్రిటన్ 2018 ఏప్రిల్ నుంచి పానీయంలో వంద మిల్లీలీటర్లకు 5 గ్రాములు దాటితే ఒక రేటు, 8 దాటితే ఇంకా ఎక్కువ రేటు పెట్టింది. పన్ను తప్పించుకోవడానికి కంపెనీలే చక్కెర తగ్గించాయి. మన జీఎస్టీ అలా ఆలోచించలేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి తీపి గ్యాసు పానీయాలన్నిటికీ 40 శాతం, ఆ తీపి చక్కెరతో వచ్చినా వేరేదానితో వచ్చినా అంతే. గ్యాసు లేని పండ్ల డ్రింకుకు, అందులో కోలా కన్నా ఎక్కువ చక్కెర ఉన్నాసరే, 5 శాతం. బిస్కెట్లు, చాక్లెట్లు, ఐస్‌క్రీం 18 నుంచి, జామ్‌లు 12 నుంచి 5 శాతానికి దిగాయి. చక్కెర గ్రాములనుబట్టి పన్ను వేసి ఉంటే తగ్గించిన కంపెనీకి లాభముండేది. చిలీలో 2016 నుంచి ఉన్నట్టు ప్యాకెట్ ముందువైపు నల్లటి హెచ్చరిక గుర్తు మన దగ్గర ఇంకా రాలేదు. స్కూళ్లలో చక్కెర లెక్కలు చెప్పే బోర్డులు పెట్టమని సీబీఎస్‌ఈ 2025 మేలో చెప్పడం మాత్రం మంచి అడుగు. నాలుగు నుంచి పదేళ్ల పిల్లలు కేలరీల్లో 13 శాతం, ఆపై పిల్లలు 15 శాతం చక్కెర నుంచే పొందుతున్నారని ఆ ఆదేశంలోనే ఉంది.

ఎక్కడ మొదలుపెట్టాలి

తాగేవాటితో. తీపి పానీయాలు, డబ్బా రసాలు, గ్లూకోజు నీళ్లు ఇంట్లోకి రాకపోతే సగం పని అయినట్టే. మజ్జిగ, ఉప్పు వేసిన నిమ్మనీళ్లు, కొబ్బరినీళ్లు ఉండనే ఉన్నాయి. సాదా పెరుగులో అరటిపండు ముక్కలు వేస్తే ఫ్లేవర్డ్ యోగర్ట్ కొనక్కర్లేదు.

తర్వాత పాల పొడి. ఒక్కరోజులో మానిపిస్తే పిల్లలు పాలే మానేస్తారు. రెండు చెంచాలు వేసేచోట మొదటి వారం ఒకటిన్నర, మరో వారం ఒకటి, ఆ తర్వాత అర. కాఫీ, టీలకూ ఇదే పద్ధతి. చెంచా తలకొట్టి వేయడంతోనే మూడో వంతు దాకా తగ్గుతుంది. చక్కెర తగ్గించిన నాలుక రెండు మూడు నెలలకు కొత్త మట్టానికి అలవాటుపడి, పాత తీపి ఎక్కువనిపిస్తుంది. అందాకా ఓపిక పట్టాలి. మూడో వారంలో వదిలేసేవాళ్లే ఎక్కువ.

బిస్కెట్లు మానలేకపోతే చిన్న ప్యాకెట్ కొనండి, భోజనం వెంటనే తినండి, రోజంతా కొరుకుతూ ఉండొద్దు. సాయంత్రం ఆకలికి ఉడకబెట్టిన శనగలు, వేరుశనగలు, మొక్కజొన్న కంకి పెడితే బిస్కెట్ గుర్తుకురాదు. టీ, కాఫీ ప్రీమిక్సు పొట్లాల్లో చాలావాటిలో సగానికిపైగా చక్కెరే కాబట్టి ఆఫీసు మెషీన్ టీని విడిగా లెక్కపెట్టుకోవాలి. పండగనాటి బొబ్బట్టు, పెళ్లిలో జిలేబీ గురించి ఇంత ఆలోచించక్కర్లేదు. అవి కళ్లకు కనిపించే చక్కెర, ఏడాదికి లెక్కపెట్టగలిగినన్ని సార్లు.

ఇన్సులిన్ లేదా గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు వాడుతున్న మధుమేహులు మాత్రం ఒక జాగ్రత్త పాటించాలి. చెమటలు పట్టి, వణుకు వచ్చి, రక్తంలో గ్లూకోజు 70 కిందికి పడిపోతే అప్పుడు చక్కెరే మందు. 15 గ్రాములు, అంటే మూడు నాలుగు చెంచాలు నీళ్లలో కలిపి తాగాలి. పావుగంట తర్వాత మళ్లీ పరీక్షించి, పెరగకపోతే మరోసారి తాగాలి. డైట్ కోలా, తీపి మాత్రలు అప్పుడు పనికిరావు. చాక్లెట్ కూడా వద్దు, అందులోని కొవ్వు గ్లూకోజు రక్తంలోకి చేరడాన్ని ఆలస్యం చేస్తుంది. వోగ్లిబోజ్ లేదా అకార్బోజ్ కూడా వాడుతుంటే మామూలు చక్కెర త్వరగా అరగదు, ఆ మందులు చక్కెరను విడగొట్టే ఎంజైమునే అడ్డుకుంటాయి. వాళ్ల జేబులో ఉండాల్సింది గ్లూకోజు పొడి పొట్లం. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏదీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి.